అక్రోలిన్ తగ్గింది పొగలోనా, సీసాలోనా? ఒక ల్యాబ్ కేస్ స్టడీ

సిగరెట్ పొగలోని ఆల్డిహైడ్‌లను, అంటే అక్రోలిన్, ఫార్మాల్డిహైడ్ లాంటి హానికర పదార్థాలను, కొలిచే ఒక ల్యాబ్‌కు ఎదురైన కేసు ఇది. ల్యాబ్‌నూ బ్రాండ్‌నూ గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. అంకెల్లో దశాంశాలు సర్దాను, అంతే. ఇక్కడ తప్పుడు ఫలితానికి ఎంతో నమ్మదగ్గ రసాయన వివరణ ఒకటి ముందే సిద్ధంగా ఉంది. ఆ వివరణే లేకపోతే తప్పు చాలా ముందుగా బయటపడేది. ఇదే పని చేసేవాళ్లకు ఈ ప్రమాదం ఎప్పుడూ పొంచే ఉంటుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

ల్యాబ్ కొలిచేది మెయిన్‌స్ట్రీమ్ పొగను, అంటే ఫిల్టర్ గుండా నోట్లోకి వచ్చే పొగను. సిగరెట్‌లను 22 డిగ్రీల సెల్సియస్, 60 శాతం తేమలో కనీసం 48 గంటలు ఉంచుతారు. తర్వాత యంత్రం మీద కాలుస్తారు. ఐఎస్‌ఓ 3308 అనే అంతర్జాతీయ ప్రమాణ పద్ధతిలో నిమిషానికి ఒక దమ్ము, దమ్ముకు 35 మి.లీ., లాగే సమయం 2 సెకన్లు. ఇంటెన్స్ పద్ధతిలో 30 సెకన్లకు ఒక దమ్ము, 55 మి.లీ., అవే 2 సెకన్లు. పైగా ఫిల్టర్ మీది గాలి రంధ్రాలను టేపుతో పూర్తిగా మూసేస్తారు. ఈ కేసులోని అంకెలన్నీ ఇంటెన్స్ పద్ధతివి. ఏ పద్ధతైనా ఒక ఉత్పత్తిని ఇంకోదానితో పోల్చడానికే పనికొస్తుంది. ఒక మనిషి ఒంట్లోకి ఎంత పోతుందో యంత్రం చెప్పదు.

పొగ రెండు ఇంపింజర్ల గుండా, అంటే పొగ ద్రవంలో బుడగలుగా పోయే సీసాల గుండా, వరుసగా పోతుంది. ఒక్కోదానిలో 35 మి.లీ. డీఎన్‌పీహెచ్ (డైనైట్రోఫినైల్‌హైడ్రజీన్) ద్రావణం ఉంటుంది. ఈ రియేజెంట్ (చర్య జరిపే రసాయనం) ఆమ్లం సమక్షంలో ఆల్డిహైడ్‌లతోనూ కీటోన్‌లతోనూ కలిసి హైడ్రజోన్‌లుగా మారుతుంది. ఆ పసుపు, నారింజ రంగు పదార్థాలను హెచ్‌పీఎల్‌సీలో, అంటే ద్రావణాన్ని కాలమ్ అనే గొట్టం గుండా పంపే యంత్రంలో, విడదీసి, 365 నానోమీటర్ల కాంతి దగ్గర చదువుతారు. ఒక్కో పదార్థం గ్రాఫ్‌లో ఒక్కో శిఖరంగా కనిపిస్తుంది. గ్లాస్ ఫైబర్ ప్యాడ్‌ను ఇంపింజర్లకు ముందు పెట్టకూడదు. ప్యాడ్ మీద చేరే తేమలో ఫార్మాల్డిహైడ్ కరిగి అక్కడే ఆగిపోతుంది. అందుకే ఇక్కడ ప్యాడ్ ఇంపింజర్ల తర్వాత ఉంది, యంత్రం పంపును కాపాడటానికి.

రియేజెంట్ తయారీలో ఒక మాట. డీఎన్‌పీహెచ్ పొడి ఆరిపోతే పేలే గుణం ఉంది కాబట్టి దాదాపు 30 శాతం నీటితో తడిపి అమ్ముతారు. దాన్ని ఎండబెట్టకూడదు, తూకంలో నీటిని లెక్కగట్టుకోవాలి. ఈ ల్యాబ్ వాడే గాఢత లీటరుకు 15 మిల్లీమోల్స్. అంటే పొడిగా 2.97 గ్రాములు, తడి పొడి అయితే 4.25 గ్రాములు. దాన్ని నీరు, అసిటోనైట్రైల్ మిశ్రమంలో కరిగించి ఫాస్ఫారిక్ ఆమ్లం కలుపుతారు. ల్యాబ్ గాలిలోని ఫార్మాల్డిహైడ్, అసిటోన్ కూడా దీనిలోకి దిగుతాయి. కాబట్టి అసిటోన్‌తో గాజుసామాను కడిగే గదిలో దీన్ని తయారుచేయకూడదు. బ్లాంక్‌లో (పొగ తాకని ద్రావణంలో) అసిటోన్ శిఖరం పెరిగిందంటే మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

అక్రోలిన్ ఎక్కడ పుడుతుంది

ఈ కేసు అర్థం కావాలంటే ఇది కొంచెం లోతుగా తెలియాలి. దమ్ము లాగినప్పుడు నిప్పు భాగం 900 డిగ్రీలు దాటుతుంది. కానీ మనం కొలిచే సేంద్రియ పదార్థాల్లో ఎక్కువ భాగం పుట్టేది నిప్పులో కాదు. దాని వెనక కొన్ని మిల్లీమీటర్ల మేర, ఆక్సిజన్ దాదాపు అయిపోయి, ఉష్ణోగ్రత 600 నుంచి 200 డిగ్రీల దాకా దిగే పట్టీ ఒకటి ఉంటుంది. అక్కడ ఆకు మండదు, వేడికి విరిగిపోతుంది. చక్కెరలు, సెల్యులోజ్, పెక్టిన్ విరిగి ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్ వస్తాయి. నైట్రోసమైన్‌ల సంగతి వేరు. అవి చాలావరకు ఆకును ఆరబెట్టే దశలోనే తయారై, పొగలోకి అలాగే చేరతాయి.

అక్రోలిన్‌కు మూలాలు చాలా ఉన్నాయి: పిండిపదార్థాలు, ఆకులోని కొవ్వులు, తేమ నిలవడానికి తయారీదారు కలిపే గ్లిసరాల్. గ్లిసరాల్ నుంచి వచ్చే దారి కాగితం మీద చాలా తేలిక. అణుభారం 92 ఉన్న గ్లిసరాల్ నుంచి రెండు నీటి అణువులు, అంటే 36, పోతే మిగిలే 56 అక్రోలినే. అయితే గ్లిసరాల్ 290 డిగ్రీల దగ్గర మరుగుతుంది. నిప్పు దగ్గరపడేలోపే అందులో ఎక్కువ భాగం ఆవిరై, విరగకుండా గ్లిసరాల్‌గానే పొగలో కలిసిపోతుంది. అక్రోలిన్‌గా మారేది చిన్న వంతు. ఈ రెండో సగం మర్చిపోతే ఏమవుతుందో ముందు చూస్తాం.

ఇది పట్టింపు లేని పదార్థం కాదు. శ్వాసనాళాల లోపలి పొరను తీవ్రంగా దెబ్బతీస్తుంది. పొగలో పరిమితి పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2008లో సూచించిన 9 పదార్థాల్లో ఇదొకటి. 2020లో ఆ సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగమైన ఐఏఆర్‌సీ వర్కింగ్ గ్రూప్ దీన్ని 2ఏ వర్గంలో, అంటే మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేవాటిలో, చేర్చింది. అందుకే దీని అంకె తగ్గిందని రాసే ముందు ఆ తగ్గుదల నిజమేనా అని వందసార్లు చూసుకోవాలి.

వచ్చిన సమస్య

ఒక బ్రాండ్ ఏటా ఒకసారి పరీక్షకు వచ్చేది. అంతకుముందు పరీక్షల్లో అక్రోలిన్ సిగరెట్‌కు 150 మైక్రోగ్రాముల దగ్గర నిలకడగా ఉండేది. ఈసారి ఏడు రెప్లికేట్‌ల (అదే పరీక్షను మళ్లీ మళ్లీ చేసిన కొలతల) సగటు 111 వచ్చింది. నాలుగో వంతుకు పైగా పడిపోయింది. అసిటాల్డిహైడ్, ఫార్మాల్డిహైడ్, అసిటోన్, కార్బన్ మోనాక్సైడ్, దమ్ముల సంఖ్య, ఏవీ కదల్లేదు. రెప్లికేట్‌ల మధ్య తేడా 5 శాతం, అంటే అనుమతించిన హద్దుల్లోనే. పద్ధతి సరిగ్గా ఉందో లేదో చూడటానికి అదే రోజు కాల్చిన ప్రామాణిక సిగరెట్ (రిఫరెన్స్ సిగరెట్, 1ఆర్6ఎఫ్) విలువ, దాని పాత విలువలను గుర్తించే కంట్రోల్ చార్ట్‌లో మధ్య గీత దగ్గరే ఉంది.

నమూనాతో వచ్చిన కాగితాల్లో మిశ్రమంలో గ్లిసరాల్ తగ్గించినట్టు రాసి ఉంది.

ఇక అనుమానించడానికి ఏముంది? గ్లిసరాల్ తగ్గింది, గ్లిసరాల్ నుంచి పుట్టే అక్రోలిన్ తగ్గింది, మిగతావి తగ్గలేదు. నివేదిక ముసాయిదాలో అలాగే రాసేశారు. సమీక్ష చేసిన కెమిస్ట్ సంతకం ఆపడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, గ్లిసరాల్‌లో చిన్న వంతే అక్రోలిన్‌గా మారుతుందంటే, దాన్ని కొంత తగ్గించినంత మాత్రాన మొత్తం అక్రోలిన్ నాలుగో వంతు పడిపోవడం లెక్కకు అందదు. రెండోది, పట్టిక అడుగున ఎవరూ చూడని వరుసలో క్రొటొనాల్డిహైడ్ 44 నుంచి 39కి దిగింది. క్రొటొనాల్డిహైడ్‌కు గ్లిసరాల్‌తో సంబంధం లేదు. కానీ అక్రోలిన్‌కూ దీనికీ ఒక పోలిక ఉంది. రెండింటిలోనూ ఆల్డిహైడ్ పక్కనే ద్వి బంధం ఉంది. కొలిచిన ఎనిమిది ఆల్డిహైడ్, కీటోన్‌లలో ఆ నిర్మాణం ఉన్నవి ఈ రెండే. తగ్గినవీ ఈ రెండే.

నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో విలువైన పరిశీలన ఇదే. ఉత్పత్తిలో మార్పు జరిగితే ఒకే మూలం నుంచి వచ్చేవి కలిసి కదులుతాయి. కొలతలో లోపం ఉంటే ఒకే రకమైన నిర్మాణం ఉన్నవి కలిసి కదులుతాయి. తగ్గిన పదార్థాల పేర్లు పక్కపక్కన రాసుకుని, వాటికి ఉమ్మడిగా ఉన్నది మూలమా నిర్మాణమా అని అడిగితే సగం దారి తెలిసిపోతుంది.

చేసి చూసినవి, ఫలించనివి

యంత్రంలో లీకేజీ ఉందేమోనన్నది మొదటి ఆలోచన. ఇంపింజర్లు కలిపాక పీడనం పెరుగుతుంది కాబట్టి దమ్ము పరిమాణాన్ని ఖాళీ హోల్డర్ దగ్గర చూస్తే చాలదు. ఇంపింజర్లు నింపి, అన్నీ బిగించి, సిగరెట్ పెట్టే చివర దగ్గరే సబ్బు బుడగ మీటర్‌తో కొలవాలి. అలా కొలిస్తే 55 మి.లీ. సరిగ్గానే ఉంది. నిజానికి ఈ పరీక్ష అవసరమే లేదు. లీకేజీ ఉంటే అసిటాల్డిహైడ్ కూడా తగ్గాలి, కార్బన్ మోనాక్సైడ్ కూడా తగ్గాలి. పరీక్షకు ముందు ఆ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే ఒక రోజు మిగిలేది.

తర్వాత రియేజెంట్ చాలలేదేమో అన్న అనుమానం. దీన్ని ప్రయోగం లేకుండా లెక్కతోనే తేల్చారు, అది మంచి పని. ఒక సిగరెట్ ఇంటెన్స్‌లో ఇచ్చే అసిటాల్డిహైడ్ సుమారు 1.5 మిల్లీగ్రాములు, అంటే 34 మైక్రోమోల్స్. అసిటోన్, అక్రోలిన్, ఫార్మాల్డిహైడ్, మిగతావన్నీ కలిపినా ఇంకో 25 దాటవు. మొత్తం 60 లోపే. ఒక్క ఇంపింజర్‌లోనే డీఎన్‌పీహెచ్ 525 మైక్రోమోల్స్ ఉంది. ఎనిమిది రెట్లకు పైగా మిగులు. రెండో ఇంపింజర్‌లో అక్రోలిన్ జాడ మాత్రమే కనిపించడం కూడా దీనికి సరిపోయింది. ఈ మిగులు తర్వాత వేరే రకంగా కథలోకి వస్తుంది.

మూడోది కాలమ్. అసిటోన్ హైడ్రజోన్, అక్రోలిన్ హైడ్రజోన్ పక్కపక్కనే దిగుతాయి. పాతబడిన సీ18 కాలమ్ మీద ఒకదాని తోకలో ఇంకోటి కలిసిపోతుంది. కొత్త కాలమ్ వేశారు. రెండు శిఖరాలు ఇంకా బాగా విడిపోయాయి, విలువ మాత్రం 110 దగ్గరే ఉంది. అయితే ఈ ఖర్చు వృథా పోలేదు. శుభ్రంగా విడిపోయిన క్రొమటోగ్రామ్‌లో, చాలా ఆలస్యంగా దిగే ఒక చిన్న గుండ్రటి శిఖరం కనిపించింది. ప్రామాణిక ద్రావణంలో అది లేదు. రిఫరెన్స్ సిగరెట్‌లో చాలా చిన్నగా ఉంది. నమూనాల్లో స్పష్టంగా ఉంది.

రికవరీ పరీక్ష కూడా చేశారు, అంటే తెలిసిన మోతాదు కలిపి ఎంత తిరిగి కనిపిస్తుందో చూశారు. 98 శాతం వచ్చింది. ఇది అందర్నీ తప్పుదారి పట్టించింది. ఎందుకో తర్వాత చెబుతాను.

దారి చూపిన ప్రయోగం

ఆలస్యంగా దిగిన శిఖరాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్ మీద నెగటివ్ మోడ్‌లో చూస్తే 433 కనిపించింది. అక్రోలిన్ హైడ్రజోన్ 236, డీఎన్‌పీహెచ్ 198, కలిపితే 434. ఒక ప్రోటాన్ పోతే 433. అంటే తయారైన హైడ్రజోన్‌లోని ద్వి బంధం మీదకి ఇంకో డీఎన్‌పీహెచ్ అణువు వచ్చి అతుక్కుంది. ఇది ఆమ్లంలో, రియేజెంట్ మిగులుగా ఉన్నప్పుడు నెమ్మదిగా సాగే చర్య. ఆ పని చేయడానికి ఎనిమిది రెట్ల మిగులు రియేజెంట్ సీసాలో సిద్ధంగా ఉంది. అక్రోలిన్ పొగలో తగ్గలేదు, సీసాలో వేరే పదార్థంగా మారిపోతోంది.

ఈ చర్యను ఆపడానికే పద్ధతిలో పిరిడిన్ అనే క్షారం కలిపే మెట్టు ఉంది. 10 మి.లీ. ద్రావణానికి 0.5 మి.లీ. పిరిడిన్ కలిపితే ఆమ్లం తటస్థమై రసాయన చర్య నిలిచిపోతుంది. ల్యాబ్ ఆ మెట్టు మానలేదు. మరి ఎక్కడ పోతోంది?

పని షీట్లు, యంత్రం లాగ్ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. కొన్ని వారాల క్రితం దాకా ఒక్కో ఇంపింజర్ యంత్రం నుంచి దిగగానే పిరిడిన్ కలిపేవాళ్లు. ఆ ఘాటు వాసనతో రోజంతా హుడ్ (ఆవిర్లను బయటికి లాగే అర) దగ్గర నిలబడటం ఎందుకని, మల్టీ డిస్పెన్సర్ వచ్చాక అన్నిటికీ కలిపి సాయంత్రం ఒకేసారి వేయడం మొదలుపెట్టారు. రాసి ఉన్న విధానంలో ‘చర్య పూర్తయ్యాక పిరిడిన్ కలపాలి’ అని మాత్రమే ఉంది. ఎంతసేపటికో లేదు. కాబట్టి ఎవరూ విధానాన్ని అతిక్రమించలేదు. పద్ధతిలో రాయని సమయం ఇక్కడ అసలు సమస్య.

నమూనాలను ఉదయం 9:45 నుంచి 11:45 వరకు కాల్చారు. రిఫరెన్స్ సిగరెట్‌ను ఎప్పటిలాగే చివర్లో, 2:45కి కాల్చారు. అన్నిటికీ పిరిడిన్ పడింది 3:15కి. అంటే నమూనాలు ఆమ్లంలో మూడున్నర నుంచి ఐదున్నర గంటలు నిలిచాయి, రిఫరెన్స్ అరగంటే నిలిచింది. కంట్రోల్ చార్ట్ ప్రశాంతంగా ఉండటానికి కారణం అదే. ఏడు రెప్లికేట్‌ల విలువలను నిలిచిన సమయం ఎదురుగా గుర్తిస్తే, ఐదున్నర గంటలు నిలిచినది 103, మూడున్నర గంటలు నిలిచినది 119, మధ్యవి వాటి మధ్యలో వరుసగా వచ్చాయి. సగటు, విచలనం మాత్రమే రాసే నివేదికలో ఈ వాలు కనిపించే అవకాశమే లేదు.

ఇంత స్పష్టంగా ఉన్నా దీన్ని రుజువు అనుకోలేదు. మర్నాడు వరుస తిరగేశారు. రిఫరెన్స్ సిగరెట్‌ను పొద్దున్నే, నమూనాలను చివర్లో కాల్చారు. రిఫరెన్స్ అక్రోలిన్ 32 శాతం పడిపోయింది, నమూనాలు 150 దగ్గరికి వచ్చాయి. గ్లిసరాల్ వాదన అక్కడితో ముగిసింది. రిఫరెన్స్ సిగరెట్ మిశ్రమాన్ని ఎవరూ రాత్రికి రాత్రి మార్చలేదు కదా.

ఎంతసేపు ఆగాలి

‘వెంటనే పిరిడిన్ వేయండి’ అని రాస్తే సరిపోతుందనిపిస్తుంది, కానీ సరిపోదు. కీటోన్‌లు ఆల్డిహైడ్‌ల కంటే నెమ్మదిగా చర్య జరుపుతాయి. తొందరపడితే వాటి విలువ తగ్గుతుంది. అందుకే ఒకే ఇంపింజర్ ద్రావణం నుంచి వేర్వేరు సమయాల్లో భాగాలు తీసి పిరిడిన్ కలిపి చూశారు. 30వ నిమిషం విలువను 100గా తీసుకుంటే, 5 నిమిషాలకు అసిటోన్ 94, మిథైల్ ఇథైల్ కీటోన్ 88 దగ్గరే ఉన్నాయి. 15 నిమిషాలకు రెండోది 97కి చేరింది. అక్రోలిన్ 15 నుంచి 30 నిమిషాల మధ్య సమంగా ఉంది. గంటకు 96, రెండు గంటలకు 89, ఐదు గంటలకు 71కి దిగింది. క్రొటొనాల్డిహైడ్ ఐదు గంటలకు 86. ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్ కదల్లేదు.

ఈ పట్టిక చూశాక 30 నిమిషాలు, అటూ ఇటూ 5 నిమిషాలు అని నిర్ణయించారు. ఒక్కో ఇంపింజర్‌కు ఒక్కో టైమర్. చివరి దమ్ము అయిన నిమిషం, పిరిడిన్ పడిన నిమిషం రెండూ పని షీట్‌లో రాయాలి. ఈ 30 అంకెను ఇంకో ల్యాబ్ అలాగే తీసుకోకూడదు. ఆమ్లం మోతాదు, నీటి శాతం, గది ఉష్ణోగ్రత మారితే ఈ సమయం మారుతుంది. ఎవరి ద్రావణంతో వాళ్లు ఈ పట్టిక వేసుకోవాలి. ఒక పూట పని.

మధ్యలో ఒక అడ్డదారి కూడా ప్రయత్నించారు. సాయంత్రం దాకా ఇంపింజర్ ద్రావణాన్ని ఫ్రిజ్‌లో ఉంచితే చర్య నెమ్మదిస్తుంది కదా అని. నెమ్మదించింది, ఆగలేదు. పైగా చల్లబడిన ద్రావణంలో హైడ్రజోన్‌లు సన్నటి నారింజ సూదుల్లా సీసా అడుగున దిగాయి. బయటికి తీసి కుదిపినా అన్నీ తిరిగి కరగలేదు. అంతవరకు నిలకడగా ఉన్న అసిటాల్డిహైడ్ విలువలు కూడా చెల్లాచెదురయ్యాయి. ఆ దారి మూసేశారు.

రికవరీ 98 ఎందుకొచ్చింది

క్యాలిబ్రేషన్‌కు (ఏ శిఖరం ఎంత మోతాదో తేల్చడానికి) ల్యాబ్ వాడేది ముందే తయారైన హైడ్రజోన్ స్ఫటికాలను, అసిటోనైట్రైల్‌లో కరిగించి. వాటిలో ఆమ్లం లేదు, మిగులు రియేజెంట్ లేదు. రికవరీ పరీక్షకు కూడా అదే ద్రావణాన్ని, పిరిడిన్ కలిపేశాక నమూనాలో వేశారు. అప్పటికి పోవాల్సింది పోయింది, కొత్తగా వేసింది పోయే అవకాశం లేదు. ఆ 98 శాతం చెప్పింది ఇంజెక్షన్ నుంచి డిటెక్టర్ దాకా అంతా బాగుందని మాత్రమే.

ఇప్పుడు స్పైక్‌ను (రికవరీ కోసం కలిపే తెలిసిన మోతాదును) విడి అక్రోలిన్‌తో, ఇంపింజర్‌లోనే, పొగ లాగడానికి ముందు వేస్తున్నారు. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. విడి అక్రోలిన్ సులభంగా పాలిమర్‌గా మారుతుంది కాబట్టి హైడ్రోక్వినోన్ కలిపి అమ్ముతారు. దాన్ని పలుచన చేసిన ద్రావణాన్ని ఏ రోజుకారోజు తయారుచేసుకోవాలి, తెరిచిన సీసాను నెలల తరబడి నమ్మకూడదు. కళ్లలో నీళ్లు తెప్పించే పదార్థం, హుడ్ బయట మూత తీయకూడదు. హైడ్రజోన్ బరువులో అక్రోలిన్ వంతు 0.237 అన్న గుణకం కూడా స్పైక్ లెక్కలో మర్చిపోతుంటారు. రికవరీ 24 శాతమో 420 శాతమో వస్తే వెతకాల్సింది అక్కడ.

పాత ఫలితాల సంగతి

సాయంత్రం పిరిడిన్ వేసిన వారాల్లో పంపిన ఫలితాలు ఏం చేయాలన్నది అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. కాల్చిన సమయం యంత్రం లాగ్‌లో ఉంది. గంటకు ఎంత పోతుందో పట్టిక చెబుతోంది. గుణకంతో సరిదిద్దేద్దాం అన్న ప్రతిపాదన వచ్చింది. ఒప్పుకోలేదు, అది సరైన నిర్ణయమే. పట్టిక ఒక్క రోజుది, ఒక్క ద్రావణానిది. పిరిడిన్ పడిన సమయం ఆ వారాల్లో ఎవరూ నిమిషాలతో రాయలేదు, ‘సాయంత్రం’ అనే ఉంది. గది వేడి రోజుకో రకంగా ఉండి ఉంటుంది. అలా సరిదిద్దిన అంకె కొలత కాదు, అంచనా. దాన్ని కొలతల వరుసలో పెట్టకూడదు.

విడిగా దాచిన ప్యాకెట్లు ఉన్న నమూనాలన్నిటినీ మళ్లీ తేమలో ఉంచి, మళ్లీ కాల్చారు. ప్యాకెట్లు లేని వాటికి అక్రోలిన్, క్రొటొనాల్డిహైడ్ విలువలు ఉపసంహరించి, మిగతా ఆరు విలువలు ఉంచారు, కారణం రాశారు. మొదటి బ్రాండ్‌కు మళ్లీ కాల్చినప్పుడు 147 వచ్చింది. గ్లిసరాల్ తగ్గించడం వల్ల నిజంగా ఏమైనా మారిందేమో తెలుసుకోవాలంటే పాత మిశ్రమం, కొత్త మిశ్రమం ఒకే రోజు, ఒకే యంత్రం మీద, వరుస కలగలిపి కాల్చాలి. 150కీ 147కీ మధ్య తేడా పద్ధతి విచలనంలోనే ఉంది. నివేదికలో ‘మార్పు కనపడలేదు’ అని రాశారు.

షీట్‌లో మారినవి

రిఫరెన్స్ సిగరెట్‌ను ఇప్పుడు రోజు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కాలుస్తారు. రెండింటి అక్రోలిన్ మధ్య తేడా 5 శాతం దాటితే ఆ రోజు ఫలితాలు ఆగుతాయి. ప్రతి నమూనాకూ అక్రోలిన్, అసిటాల్డిహైడ్ నిష్పత్తిని విడిగా ఒక గీతలా వేస్తారు. పొగ తక్కువ లాగినా ఎక్కువ లాగినా రెండూ కలిసి కదులుతాయి కాబట్టి నిష్పత్తి నిలబడుతుంది, సీసాలో పోతే మాత్రం అది ఒరుగుతుంది. ఆలస్యంగా దిగే ఆ శిఖరానికి కూడా క్రొమటోగ్రామ్‌లో పేరు పెట్టారు. దానికి క్యాలిబ్రేషన్ లేదు, అవసరం లేదు. అక్రోలిన్ శిఖరం వైశాల్యంలో 2 శాతం దాటితే ఆ సీసా టైమర్ ఎంత చూపించిందో వెళ్లి చూస్తారు.